నలభై ఈగల పరీక్ష

ఇలా దగ్గరికి జరుగమ్మా, గోడకి ఆనుకుని కూర్చో. ఇది ఈగల సంగతి. గట్టిగా చెప్తే వీధిలో వాళ్ళు నవ్విపోతారు.

మా లక్ష్మీదుర్గ బందరులో ఎమ్మెస్సీ చదివే రోజులు. తొంభై ఎనిమిదో, తొమ్మిదో. మా తోడికోడలికి మనవరాలు అది, కొడుకు కూతురు. మా తోడికోడలి పేరు తాతమ్మ. నేను అక్కా అంటాను. ఒకప్పుడు గిలకలదిండి నుంచి గంప నెత్తిన పెట్టుకుని, ఊరంతా చేపలమ్మి ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి.

దుర్గ చదువంతా ఈగల మీద. మాగిన అరటిపండు మీద ముసురుతాయే, నువ్వుగింజంత ఈగలు, అవి. ఆడ ఈగ గుడ్లు ఎప్పుడు పెడుతుంది, ఎన్ని పెడుతుంది, మగ ఈగ మొహమే చూడకపోతే ఏం చేస్తుంది, ఇదీ దాని పరిశోధన. మూడు నెలలు ఆ సీసాలు మా ఇంట్లోనే. మనుషులకి అరటిపండు లేదు గానీ ఈగలకి రోజూ నైవేద్యమే.

పెద్ద పరీక్ష రోజు వచ్చింది. నలభై చిన్న గాజు గొట్టాలు. గొట్టానికొక్క ఈగ, మూతికి దూది. ఆడదైతే గాజు మీద 'ఆ' అనీ, మగదైతే 'మ' అనీ సిరాతో రాసుకుంది. పాసైతే అవనిగడ్డ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం సిద్ధంగా ఉంది. తప్పిందా, ఆ ఉద్యోగం ఇంకొకరికి.

సరిగ్గా ఆ రోజే దుర్గకి కళ్ళకలక. రెండు కళ్ళూ ఉబ్బి, పుసి కట్టి, రెప్ప విడితే ఒట్టు.

"నోటితో చెప్పేది చెప్తాను. గొట్టాల మీద రాసే ఉందిగా, ఎవరో ఒకరు చదివితే చాలు" అంది.

అందుకని ముగ్గురం బయల్దేరాం. బుట్ట పట్టుకుని ముందు నేను. నా కొంగు పట్టుకుని దుర్గ. దుర్గ చెయ్యి పట్టుకుని అక్క. "ఈ ఊరేగింపు ఎక్కడికండీ?" అన్నాడు రిక్షా అతను.

పరీక్ష పెట్టేందుకు గుడివాడ నుంచి సాంబశివరావు గారని వచ్చారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు. ముందు నోటి ప్రశ్నలు. దుర్గ కళ్ళు మూసుకునే గడగడా చెప్పేసింది. ఆడ ఈగ ఒక్కసారి మగదానితో కలిస్తే చాలట. ఆ బీజాన్ని కడుపులో చిన్న సంచుల్లో దాచుకుని, రోజుల తరబడి కాస్త కాస్తా వాడుకుంటూ గుడ్లు పెడుతుందట. ఆ తర్వాత ఇంకో మగ ఈగ దగ్గరికొస్తే కాలెత్తి తంతుందట.

"ఊరగాయ జాడీ పెట్టుకున్నట్టు" అంది అక్క. "తెలివైన ఇల్లాలే!"

సార్ నవ్వలేదు. "సరే, ఆడవి ఒక పక్క, మగవి ఒక పక్క పెట్టండి" అన్నారు.

నేను బుట్ట మీద గుడ్డ తీశాను. పొద్దున గొట్టాలకి చీమలు పట్టాయని తడిగుడ్డతో ఒక్కొక్కటీ శుభ్రంగా తుడిచింది నేనే. ఒక్క అక్షరం మిగల్లేదు.

"చదువు చిన్న నాయనమ్మా" అంది దుర్గ మెల్లిగా.

"ఏం చదవనే తల్లీ, తుడిచేశానే!"

దుర్గ ఏడుపు మొదలెట్టింది. కన్నీళ్ళు రావడానిక్కూడా దారి లేదు పాపం.

అప్పుడు అక్క చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. నేను చెప్తాను."

"నువ్వా?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మూడు నెలలు వాటితో ఒకే గదిలో కాపురం చేశాను. ఇవ్వవే."

సార్‌కి సరదా పుట్టింది. "కానివ్వండమ్మా, చూద్దాం" అన్నారు.

గొట్టం చేతిలో పెట్టాను. అక్క గుండెల నిండా ఊపిరి తీసుకుంది. గొట్టాన్ని మొహం దాకా తెచ్చుకుంది. "ఆడది" అంది. ఇంకోటి. "మగాడు." ఇంకోటి. "వీడూ మగాడే."

"భూతద్దం కావాలా అమ్మా?"

"దాంతో నాకేం పని బాబూ?"

సార్ ఒక్కో ఈగకీ మత్తుమందిచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. పది చూశారు. పదీ సరే. ఇరవై. ఇరవయ్యీ సరే. ఇరవై మూడో దాని దగ్గర కుర్చీలోంచి ఎగిరినంత పని చేశారు.

"తప్పు! ఇది మగది!"

అక్క మళ్ళీ అందుకుని మొహం దగ్గర పెట్టుకుంది. "ఆడదే. మీరే ఇంకోసారి చూసుకోండి బాబూ."

ఆయన అద్దాలు తుడుచుకుని మళ్ళీ వంగారు. "ఆడదే" అన్నారు నీరసంగా.

నలభైకి నలభై.

సార్ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "పాతికేళ్ళుగా ఇదే పని నాది. మైక్రోస్కోపు లేందే నావల్ల కాదు. ఈ వయసులో మీకింత చూపెలా వచ్చిందమ్మా? ఏం తింటారు?"

అక్క కాసేపు ఆలోచించింది. "పొన్నగంటి కూర బాబూ. వారానికి రెండుసార్లు."

ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు.

దుర్గకి ఫస్టు క్లాసొచ్చింది. అవనిగడ్డ ఉద్యోగమూ వచ్చింది. సార్ ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి రెండు పూటలా పొన్నగంటి కూరేనట, వాళ్ళావిడ మా దుర్గ కనిపిస్తే కొట్టేలా ఉందట.

నువ్వూ గుర్తుపెట్టుకుని నీ పిల్లలకి చెప్పు గానీ, ఈ ఒక్క మాటా నాలాగే ఆఖర్న చెప్పు: అప్పటికి మా అక్కకి రెండు కళ్ళూ పోయి పదకొండేళ్ళు, చేపలమ్మిన ముక్కొక్కటే మిగిలింది.