ముక్కుపుల్ల పెట్టుకున్న రోమ్ రాణి

"జర కదలకు రజనీ. ముక్కు వంకర వస్తది."

"వస్తే రానీ. రోమ్ రాణులందరు చక్కగనే ఉన్నరా ఏంది?"

భాస్కర్ భార్యను చూసి నవ్వి, లక్క మీద అదిమిన ఇత్తడి రేకును ఉలితో చిన్నగా తట్టాడు. పెంబర్తిలోని ఆ ఇంటి నుంచి సినిమాలకు రోమన్ శిరస్త్రాణాలు, డాళ్లు చాలానే వెళ్లాయి. మన రాజుల కథలకు కూడా రోమ్ సైనికుల కవచాలే కావాలనేవారు. మనిషి ముఖం అడగడం మాత్రం ఇదే మొదలు.

అడిగింది రజని మేనల్లుడు రాకేష్. హైదరాబాదులో సినిమా సెట్లు వేస్తాడు. "మామా, రోమ్‌ల సచ్చిపోయినోళ్ల ముఖాలు చేయించి ఇంట్ల పెట్టుకునేటోళ్లంట. మా సినిమాకు గసుంటిదొకటి కావాలె. అత్తను చూసి చెయ్యి," అన్నాడు ఫోన్లో.

భాస్కర్ ఫోన్ పట్టుకునే రజని వైపు చూశాడు. ఆమెకు ఇంక రెండు నెలలే అని పెద్ద దవాఖానలో డాక్టరు కాగితం రాసిచ్చాడు. భాస్కర్ ఆ కాగితాన్ని లక్క డబ్బా కింద దాచి, కడుపులో పుండని రజనికి చెప్పాడు. పాపం, రాకేష్‌కేం తెలుసు? ఈ ముఖం ఎందుకో కూడా ఆమెకు చెప్పలేదు. రాణి బొమ్మ అన్నాడు.

"కండ్లు మూసినట్టు చేస్తున్నవా?"

"రాకేష్ గట్లనే అన్నడు."

"వద్దు, తెరిచే ఉంచు. ముక్కుపుల్ల గూడ పెట్టు."

"రోమ్ రాణికి ముక్కుపుల్ల ఏంది? సినిమోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ. గడ్డం మీది మచ్చ మర్చిపోకు."

ఆమె రోజూ కాసేపే కూర్చోగలిగేది. బుగ్గలు లోపలికి పోతున్నా, అతను పాత బుగ్గలనే చెక్కాడు. పని పూర్తయిన రోజు ఆమె ఆ ముఖాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచింది.

"మంచిగ చేసినవ్," అంది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు నిద్రలోనే వెళ్లిపోయింది. జబ్బు సంగతి తెలియకుండా పోయిందన్న ఒక్క ఊరటే భాస్కర్‌కు మిగిలింది.

కర్మ ముగిశాక అతను ముఖాన్ని గుడ్డలో చుట్టి రాకేష్ ముందు పెట్టాడు. ఇవ్వబుద్ధి కాలేదు. కానీ మాట ఇచ్చాడు.

"తీస్కపో బిడ్డా. షూటింగ్ ఎప్పుడు?"

రాకేష్ దాన్ని ముట్టుకోలేదు.

"సినిమా లేదు మామా."

"మరి ఎవలకు చేయించినవ్‌రా?"

రాకేష్ తల దించుకున్నాడు.

"లక్క డబ్బా కింద దవాఖాన కాయితం దొరికినంక, నీ కోసం ఈ ముఖం చేయించమని అత్తనే నాకు చెప్పింది."