పన్నెండో పెట్టె

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: నాన్న, అమ్మ, నాయనమ్మ, అందరూ చిన్నీ అని పిలిచే పదిహేనేళ్ల పిల్ల. ఇల్లంటే, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు కింద మేస్త్రీకిచ్చిన ఒంటి గది. ఆ మేస్త్రీయే నాన్న.

పన్నెండు ఫ్లాట్లకు పన్నెండు ఉత్తరాల పెట్టెలు బిగించాలి. నిబంధనల ప్రకారం అన్నీ కొత్తవే కావాలి. నాన్న మాత్రం కూల్చేసిన ఏదో భవనంలోవి తెచ్చి, పైన రంగు వేశాడు.

"పొద్దున్నే తనిఖీకొస్తారు చిన్నీ. తలుపుల లోపల అంటించిన పాత పేర్లు గీకెయ్. ఒక్కటి కనబడినా నా పని ఊడినట్టే."

"తొందరగా రావే, అన్నం చల్లారిపోతుంది," అంది అమ్మ.

మెట్ల కింద ఒక్కటే బల్బు. బ్లేడు గీకుతున్న చప్పుడు తప్ప ఎక్కడా అలికిడి లేదు. పదకొండు పెట్టెల్లో ఎవరెవరివో వెలిసిపోయిన పేర్లు. అన్నీ గీకేసింది. పన్నెండోదాంట్లో కాగితం తెల్లగా ఉంది. సిరా ఇంకా ఆరలేదు. నాన్న, అమ్మ, నాయనమ్మ, చిన్నీ. చేతిరాత అచ్చం తనదే.

చటుక్కున బ్లేడు వెనక్కి తీసుకుంది. అయినా నాన్న పని గుర్తొచ్చి, కింది నుంచి గీకడం మొదలుపెట్టింది. అడుగునున్న తన పేరు పోగానే పెట్టె లోపల ఎవరో ఊపిరి పీల్చారు. బ్లేడు పడేసి ఒకటే పరుగు.

అమ్మే తలుపు తీసింది. వెనక నేలమీద మూడే కంచాలున్నాయి.

"ఎవరు కావాలమ్మా?"

"అమ్మా, నేనే!"

"ఎవరే ఈ వేళప్పుడు?" లోపల్నుంచి నాయనమ్మ అడిగింది.

"ఎవరో పిల్ల, అత్తయ్యా. పాపం, ఇల్లు మరిచిపోయినట్టుంది," అంటూ అమ్మ తలుపు వేసేసింది.