బాగుందనకూడని పండు

ఇంట్లో పండు తిని ఎవరేమన్నా, సూపర్‌మార్కెట్ వాళ్లు గోడకు బిగించిన మైకు వింటుంది. మెచ్చుకున్నవాళ్లకు మర్నాడు నాసిరకం పంపుతారు, తిట్టినవాళ్లకు మేలురకం. కొనేవాడు సరుకును పొగడకూడదని పళ్ల మండీలో బతికిన నాకు తెలియదా? ఇంటిల్లిపాదికీ తిట్టడం నేర్పాను.

జ్వరంతో వారంగా ఏమీ ముట్టని అమ్మకు నిన్న బంగినపల్లి ముక్క పెట్టాను.

"చప్పగా ఉంది. ఇలాంటివే అమ్మి బతికావట్రా, వీరేశం!" అంది.

"ఇంకో ముక్క తినమ్మా."

"వద్దు. గేదెకు వెయ్యి."

నేను కొరికి చూశాను. తేనెలా ఉంది.

ఆమె చెవిలో గొణిగాను. "నిజం చెప్పమ్మా. నోటికి రుచి తెలియట్లేదా?"

అమ్మ మైకు వైపు చూసింది. "చప్పగానే ఉందిరా," అంది గట్టిగా.

అమ్మకు రుచే పోయిందో, నేను నేర్పిన బేరమే ఆడుతోందో ఇంకెవరిని అడగను?