తెలుగు ఫైలు

"ఈ కాయితం ఈ కంప్యూటర్లకెళ్లే బయటికి పోయింది. ఇగో, మన ప్రింటర్ గీత!"

వార్డెన్ నాగేంద్రమ్మ మేడం కాగితాన్ని సుహాసిని ముఖం ముందు ఆడించింది. కుడి అంచున పైనుంచి కిందికి సన్నటి నల్లగీత. ఆ హాస్టల్ ప్రింటర్‌లో ఏది అచ్చేసినా ఆ గీత పడాల్సిందే. కలెక్టరాఫీసుకు పోయిన ఫిర్యాదు విచారణ కోసం తిరిగి వార్డెన్ చేతికే వచ్చింది. కింద "ఇట్లు, విద్యార్థినులు" అని తప్ప పేరు లేదు.

కంప్యూటర్ గది తలుపుకు గడియ పడింది. లోపల ముగ్గురే. వార్డెన్, సాక్ష్యానికని ఆమె పిలిపించిన తెలుగు టీచర్ బాలనాగమ్మ, కంప్యూటర్ ముందు సుహాసిని.

"పొద్దున బీచుపల్లి హనుమంతుని మీద ఒట్టు పెట్టిచ్చినా ఒక్కతి నోరిప్పలే. బాత్రూంలకు గొళ్ళాలు లేవంట! ఒకతి తానం చేస్తుంటే ఇంకొకతి తలుపు పట్టుకోవాలంట! గిది గూడ కలెక్టర్‌కు రాస్తరా? దొరకనీ, టీసీ చేతుల పెట్టి ఇంటి బస్సెక్కిస్త."

సుహాసిని తల వంచుకుంది. పదో తరగతి పరీక్షలకు ఇంకా నెల కూడా లేదు. పాన్‌గల్‌లో నాన్న, చదివింది చాలు, పత్తి చేనుకు రమ్మనడానికి సాకు కోసమే చూస్తున్నాడు.

"నీ వార్డెన్ కుర్సీ గూడ గిట్లాంటి పేరులేని కాయితంతోనే పాయె గదక్కా," వార్డెన్ బాలనాగమ్మ వైపు తిరిగింది. "అప్పుడు రాసిందెవరని నువ్వు దేవులాడినవా? ఊకున్నవ్. నేను ఊకోను."

"పిల్లలే రాసిరి గద. నేను మంచిగ చూసుకోలేదేమో అనుకున్న," అంది బాలనాగమ్మ.

కంప్యూటర్ సారు భానుప్రకాశ్ ట్రైనింగుకని నాగర్‌కర్నూల్ పోయాడు. వార్డెన్ ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"మేడం, తెలుగు అక్షరాలు సక్కగ వచ్చేది 'తెలుగు' అనే ఒక్క ఫైల్లనే గద. వేరే దాంట్ల అన్ని డబ్బాలే వస్తయి. అందుకే అందరు దాంట్లనే టైపు చేసి, ప్రింట్ తీసుకొని, తుడిచేస్తరు."

"తుడిచినంక ఇగేముంటది సార్?"

"ఉంటది మేడం. మూసిన ప్రతిసారి ఒక కాపీ లోపల దాచిపెట్టేటట్టు నేను సెట్ చేసి పెట్టిన. ఫైల్ మెనూల వెర్షన్స్ అని ఉంటది, ఒత్తుండ్రి. ఒక్కొక్కటి తెరుచుకుంటది."

"పది దినాల కింద రాసింది ఉంటదా?"

"ఎందుకుండదు మేడం!"

ఆ ఫిర్యాదు రాసింది సుహాసినే. ఉత్తరం మొదటిసారి టైపు చేసినప్పుడు, బడిలో నేర్పిన అలవాటు కొద్దీ కింద "ఇట్లు, కె. సుహాసిని, పదో తరగతి" అని కొట్టేసింది. అంతలో అన్నం గంట మోగింది. భయంతో ఫైలు మూసి పరుగెత్తింది. పేరు తీసేసింది మర్నాడు. అంటే ఆ పేరు లోపల ఎక్కడో భద్రంగా ఉంది.

"నువ్వే నొక్కు. నీ అంత సక్కగ కంప్యూటర్ ఎవ్వరికి రాదు," అంది వార్డెన్. "నా కండ్లద్దాలు ఆఫీసుల ఉన్నయి. గట్టిగ చదువు."

నొక్కనంటే అనుమానం. నొక్కితే పేరే బయటపడుతుంది. సుహాసిని నొక్కింది.

తొమ్మిది వరుసలు వచ్చాయి. ఆ కంప్యూటర్ లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. అందుకే తొమ్మిదింటి మీదా ఉన్నది జనవరి ఒకటో తారీఖే.

"ఏది ఎప్పటిదో ఎట్ల తెల్వాలె?"

"మొదటికెళ్లి చూద్దాం. తొందరేముంది?" బాలనాగమ్మ సుహాసిని కుర్చీ వెనక వచ్చి నిలబడింది.

మొదటిది బతుకమ్మ పండుగ పిలుపు. రెండోది తల్లిదండ్రుల మీటింగు. మూడోది దుప్పట్లు తీసుకున్న పిల్లల పేర్లు. సుహాసిని ఎంత మెల్లగా చదివినా అయిపోతూనే ఉన్నాయి.

"ఈ పురాణమంత ఎందుకు? జల్ది కిందికి పో!"

కింద ఉన్నవేమిటో సుహాసినికి తెలుసు. అందుకే అక్కడిదాకా పోకుండా నాలుగోది నొక్కింది. తెర మీద మొదటి వరుస చూడగానే ఆగిపోయింది. తన ఉత్తరం ఇంత పైకి ఎట్లా వచ్చింది?

"ఆగినవేంది? చదువు!"

"గౌ... గౌరవనీయులైన కలెక్టర్ గారికి. మేము బాలికల హాస్టల్ విద్యార్థినులం..."

"గిదే! దొరికింది!" వార్డెన్ చప్పట్లు కొట్టింది. "సూసినవా అక్కా? కింద పేరు గూడ ఉంటది. చదువు, చదువు!"

"మా వార్డెన్ మాకు కడుపునిండా అన్నం పెట్టడం లేదు. అడిగితే కొడుతున్నారు..."

ఈ మాటలు తాను రాయలేదు. అయినా సుహాసిని నోరు ఆగలేదు.

"కావున బాలనాగమ్మ మేడం గారిని తొలగించి, ఆమె స్థానంలో..."

అక్కడ ఆగిపోయింది. వార్డెన్ చప్పట్లు కూడా ఆగాయి.

"ఆమె స్థానంలో?" బాలనాగమ్మ అడిగింది.

"ఆమె స్థానంలో... నాగేంద్రమ్మ మేడం గారిని వార్డెన్‌గా నియమించగలరు. ఇట్లు, విద్యార్థినులు."

నాగేంద్రమ్మ చెయ్యి గోడ మీది కంప్యూటర్ స్విచ్చు వైపు లేచింది. బాలనాగమ్మ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది. "పిల్లలు రాసిరనుకున్న, రాసింది నువ్వా!" అని సుహాసిని వైపు తిరిగింది.

"కిందివేవీ తెరువకు బిడ్డా. ఇదొక్కటి ప్రింట్ తియ్."