బండి చప్పుడు

"కొత్త ఇంజన్ ఏసినామంటే, అక్కా, బండి వాకిట్లోకొచ్చి నిలబడినా ఇంట్లో ఉండేవాళ్లకు తెలీదు. అంత మెత్తగా పోతాది."

"తెలియాల," అంది మాధవి.

కమాల్ బాషా బానెట్ కిందినుంచి తల బయటికి తీశాడు. ప్రొద్దుటూరులో అతను షెడ్డు పెట్టినప్పటి నుంచి, బండి చప్పుడు తగ్గించమన్న వాళ్లే గాని ఉంచమన్న వాళ్లు రాలేదు.

"ఎవురికి తెలియాలక్కా?"

"మా అత్తకు."

మాధవి నేల చూస్తూ చెప్పింది. భర్త నారాయణ పోయినప్పటి నుంచి అత్త శ్యామలమ్మకు జ్ఞాపకం నిలవడం లేదు. కొడుకు లేడని చెప్పిన ప్రతిసారీ, అప్పుడే విన్నట్టు కుప్పకూలేది. ఒక సాయంత్రం మాధవి నారాయణ కారును ఊరికే అలా తిప్పి తెచ్చి వాకిట్లో ఆపితే, లోపలి గదిలోంచి "వచ్చినాడా? అన్నం పెట్టు" అని వినబడింది. ఆ పూట శ్యామలమ్మ కడుపు నిండా తింది. అత్త తిననిదే మాధవి తినదు. ఇక రోజూ తాను పాఠాలు చెప్పే బడినుంచి వచ్చాక మైదుకూరు రోడ్డు మీద కొంత దూరం పోయి వస్తోంది.

ఈ ఆదివారం పొద్దున బండి మొరాయించింది. షెడ్డు దాకా తోయించుకొని రావాల్సి వచ్చింది.

"సప్పుడు మారితే?" అడిగాడు కమాల్ బాషా.

"ఇదెవురి బండి అంటాది. నేనేం చెప్పాల?"

అతను మళ్లీ బానెట్ కిందికి వంగాడు. "అట్లయితే ఇది ఏ ఇంజనో ముందు తెలియాల. బండేమో పెట్రోల్ అంబాసిడర్. లోపల కూర్చోబెట్టింది డీజిల్‌ది. నారాయణన్న యాడ ఏయించినాడు?"

"పులివెందులలో. అంతే తెలుసు. ఇంటికి తెచ్చిన రోజు, ట్రాక్టర్ కొన్నావా అని అడిగినా."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. ఇంజన్ మీద నంబరు అరిగిపోయింది. కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో పక్కంతా రుద్దాడు. జిడ్డు కింద పోతపోసిన అక్షరాలు మెల్లగా తేలాయి.

"పాత వ్యాన్ ఇంజనక్కా ఇది! దీని సామాన్లు జమ్మలమడుగులో ఒకాయప్ప దగ్గర దొరుకుతాయి. బస్సుకేసి పంపమంటా."

"సాయంత్రానికి అయితాదా?"

"బస్సు రావాల గదా."

అప్పుడే అతని ఫోన్ మోగింది. ఎవరో చూసుకొని షెడ్డు వెనక్కి పోయాడు. "ఆ, ఈడనే ఉండాది... డీజిల్‌దేమ్మా... సరే, అట్లనే చేస్తా" అన్న మాటలు మాత్రం వినబడ్డాయి. తిరిగొచ్చాక అతను మాధవి ముఖం చూడలేదు.

"ఇంజన్ మార్చన్లేక్కా. ఇదే బాగుచేస్తా. పవర్ స్టీరింగ్ మాత్రం పెడతా. ఇంజన్ ఏదో తెలిసింది గాబట్టి, దానికి సరిపోయే స్టీరింగ్ పంపు కూడా తెప్పిస్తాండా."

"నేను అడగలేదే?"

"నువ్వు అడగలా. లారీ తిప్పినట్టు తిప్పుతాండావంట... తిప్పుతాండావు."

మాధవి కాయలు కాచిన అరచేతులు వెనక్కి పెట్టుకుంది. "ముందు బండి కదలనీ భాయ్."

బస్సు ఆలస్యంగా వచ్చింది. ఎండ తగ్గింది. మాధవి షెడ్డు గేటు దగ్గరే నిలబడింది. అత్త దగ్గర కూర్చోబెట్టి వచ్చిన పక్కింటి సైదాబీకి ఫోన్ చేసింది.

"ఏమన్నా తినిందా?"

"ముద్ద ముట్టల్యా. వాకిలి దిక్కే చూస్తాంది. నువ్వేమన్నా తినిండావా?"

మాధవి ఫోన్ పెట్టేసింది.

దీపాలు పెట్టే వేళకు ఇంజన్ ఒకసారి దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గి, ధడధడమంటూ షెడ్డు రేకులన్నీ అదిరించింది. కమాల్ బాషా ఆమె వైపు చూశాడు.

"అదే," అంది మాధవి.

దారిలో మలుపుల దగ్గర స్టీరింగు ఒంటిచేత్తోనే తిరిగింది. బండిలో ఏదో మారిపోయిందని అదీ ఆమెకు భయంగానే ఉంది. వాకిట్లో ఆపి, ఇంజన్‌ను రోజూకంటే కాస్త ఎక్కువసేపు మోగనిచ్చింది. ఇంజన్ ఆపి గడప ఎక్కేసరికి లోపలి గదిలోంచి వినబడింది.

"వచ్చినాడా?"

మాధవి చెప్పులు విప్పింది. "వచ్చినాడత్తా."

"అన్నం పెట్టు. నువ్వూ పెట్టుకో."

ఇద్దరూ తిన్నారు. మాధవి కంచం ఖాళీ అయ్యేదాకా శ్యామలమ్మ దాని మీదినుంచి చూపు తిప్పలేదు. చెయ్యి కడిగించబోతే, ఆ ముసలి చెయ్యి కోడలి అరచేతిని పట్టుకొని, కాయలు కాచిన చోట బొటనవేలితో నిమిరింది.

"స్టీరింగు తేలికైందా? సప్పుడు మాత్రం మార్చొద్దని కమాల్ బాషాకు సైదాబీ ఫోన్‌లో గట్టిగా చెప్పినా మాధవీ. వాడు రాడని నాకు తెలుసు. ఆ సప్పుడైనాక నేను తింటేనే గదా, నువ్వు ముద్ద ముట్టేది."