మట్టికి జడ

జేసీబీ బకెట్ గాల్లో ఆగిపోయింది. దాని పళ్ల కింద, సరిగ్గా రోడ్డు మధ్యలో, ఒకామె బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆ రోడ్డు వేయిస్తున్న ఇంజనీరు ఆమే.

"లే మరదలా, ఎండ మాడ్చేస్తోంది," అన్నాడు జేసీబీ డ్రైవరు. ఆమె అక్క మొగుడు.

"ముందు నువ్వు ఆ బకెట్ దించు బావా. నా నెత్తిమీద కాదు, పక్కకి."

ఆ దారంతా బంకమట్టి నేల. వాన పడితే ఉబ్బుతుంది. ఎండ కాస్తే కాలు దిగేంత నెర్రెలు విచ్చుకుంటుంది. మలుపు దగ్గరైతే మరీ ఘోరం.

ప్రతి ఏడూ పైన తారు పోస్తారు. ప్రతి ఏడూ కింద నేల దాన్ని చీల్చేస్తుంది.

ఈసారి తారు పోయకముందే ఆమె ఆ మలుపులో మట్టిని తిరగదోడించి, నైలాన్ పోగులు కలిపించింది. వేలెడు పొడవు, వెంట్రుకంత సన్నం. నేల పగలబోతే అవి అటూ ఇటూ పట్టుకుని ఆపుతాయి.

"మట్టికి జడేస్తున్నావా?" అని బావ పడీ పడీ నవ్వాడు.

గాలికి పోగులు ఎగిరి అందరి నెత్తినా పడేవి. "మా ఆయన రోజూ నా తల్లో పోగులు ఏరుతున్నాడమ్మా. పెళ్లయ్యాక నన్నింత దగ్గరగా చూడటం ఇదే," అంది ఒక కూలీ మనిషి.

ఇంజనీరుకి వాళ్లు పోగులమ్మ అని పేరు పెట్టేశారు.

మట్టి కలిపారు, రోలరుతో తొక్కించారు. అంతలో పైనుంచి ఆర్డరు వచ్చింది. అదంతా తవ్వి పారేసి, మామూలుగా వెయ్యాలి.

బావ బకెట్ ఒక్కసారి దిగింది. మట్టి గడ్డలుగా ఊడి రాలేదు. వేళ్లున్న మొక్కలా సాగి, బకెట్ పళ్లకి వేలాడింది.

అది చూశాకే పోగులమ్మ వెళ్లి కింద కూర్చుంది.

జీపు వచ్చి ఆగింది. పెద్ద ఇంజనీరు దిగాడు.

"ఏంటమ్మా ఈ వేషాలు? ఎవర్నడిగి కలిపావ్?"

"మిమ్మల్నే సార్. అడిగి అడిగి నోరు నొప్పెట్టింది."

"నేను సరేనన్నానా?"

"వద్దని కూడా అనలేదు."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన అటు తిరిగేసరికి అందరూ పారలు సర్దుకుంటున్నారు.

"రూల్సులో లేని పని. రేపు ఇది కుంగితే నా మెడకి చుట్టుకుంటుంది, నీకేం!"

"రూల్సు ప్రకారం వేసింది ఏటా కుంగుతూనే ఉంది కద సార్. అది ఎవరి మెడకి చుట్టుకుంది?"

ఆయన తలెత్తి జేసీబీ వైపు చూశాడు.

పైన బావ వాళ్లవైపు చూడటం లేదు. రోడ్డు పక్క గుంటకేసి చూస్తున్నాడు.

కిందటేడు వానల్లో, నొప్పులు పడుతున్న అక్కని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వ్యాను ఆ మలుపులోనే దిగబడింది. బావ బురదలో మోకాళ్లదాకా దిగి తోశాడు. చక్రాలు తిరిగాయి గానీ బండి కదల్లేదు.

ఆసుపత్రి నుంచి అక్క ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"ఏం చూస్తున్నావయ్యా? ఆవిణ్ణి పక్కకి జరిపి తవ్వు!" అని పెద్ద ఇంజనీరు అరిచాడు.

బావ తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది.

"బండి స్టార్టవడం లేదు సార్."

"ఇప్పుడు నువ్వే కదయ్యా ఆపావ్!"

"అవున్సార్. ఇంక అవదు."

తాళం జేబులో వేసుకుని దిగాడు. రోడ్డుకి అడ్డంగా బండిని అలాగే వదిలేసి, ఆ మలుపు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పెద్ద ఇంజనీరు మబ్బుల వైపు చూశాడు. ఇంకో బండి తెప్పించి, తవ్వి, నింపేలోపు వానలు మీద పడతాయి.

"దానిమీదే కంకర పోసి తారు వేసి చావండి," అన్నాడు మేస్త్రీతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నువ్వు రేపట్నుంచి పనిలోకి రావద్దు. విచారణకి పిలుస్తారు. అక్కడ కూర్చుందువుగాని, ఇలాగే."

పోగులమ్మ లేచి బట్టలు దులుపుకుంది.

"కుర్చీ వేస్తే కుర్చీలో కూర్చుంటాను సార్. వెయ్యకపోతే ఇలాగే."

ఆ సాయంత్రమే బావ పని కూడా పోయింది.

వానలు మొదలయ్యాయి. తెరిపి లేకుండా కురిశాయి.

విచారణ రోజున పోగులమ్మకి తోడుగా అక్క బయల్దేరింది. కిందటేడు తర్వాత ఆమె ఆ దారిలో రావడం అదే మొదలు.

బస్సు ఎగిరెగిరి పడుతోంది. అక్క ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"తప్పయిపోయిందని ఒక్క ముక్క అనేయవే. ఉద్యోగం దక్కుతుంది."

"అనను."

"మరేమంటావ్?"

"మిగతా రోడ్డుకి కూడా పోగులు కావాలంటాను."

"మొండిఘటం!"

కుదుపులు ఆగాయి. కాసేపు టాపు మీద వాన చప్పుడొక్కటే వినపడింది. తర్వాత బస్సు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

"ఆ మలుపు ఇంకా రాలేదా?" అంది అక్క, కళ్లు తెరవకుండానే.

"దాటేశాం అక్కా."

అక్క కళ్లు తెరిచింది. వెనక్కి తిరిగి, తడిసిన అద్దంలోంచి చాలాసేపు చూసింది.



ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"విచారణ ఎవరికమ్మా?"

"మా ఇద్దరికీ," అంది అక్క. అప్పటికే మెట్లెక్కుతోంది.