పంతొమ్మిది జతల చెప్పులు

"పిన్నీ, ఇనస్పెక్టరు పన్నెండు గంటల గుడివాడ బస్సుకి దిగుతున్నాడట. ఆ నలుగుర్నీ ఎక్కడ దాచిపెడదాం?"

కాంతారావు గుమ్మంలో నిలబడి అడిగాడు. చిలకలపూడిలోని ఆయన రోల్డుగోల్డు కార్ఖానాలో పనిచేసేది ఇరవై ముగ్గురు. హాజరు పుస్తకంలో ఉన్నది పంతొమ్మిది మంది. కొత్త ఉత్తర్వు ప్రకారం ఇరవై మంది ఉంటే చాలు, కరెంటు మిషను లేకపోయినా పనివాళ్ళందరికీ ఈఎస్ఐ వైద్యం వర్తిస్తుంది. యజమాని తన వాటా కట్టాలి.

నాగూర్ బీ మెరుగు పెడుతున్న గాజును పక్కన పెట్టింది. కాంతారావు లాగులు తొడుక్కునే రోజుల నుంచీ ఆమె అక్కడే పనిచేస్తోంది. అప్పటి నుంచీ ఆయనకు ఆమె పిన్నే.

"మా ఇంట్లో కూర్చోబెడతాను బాబూ."

"భేష్. నీ ఇంటి గుమ్మం ఏ ఇనస్పెక్టరు తొక్కుతాడు! ముందు రహీమాని తీసుకుపో. ఆ దగ్గుతో పట్టించేస్తుంది."

రహీమాది యాసిడ్ తొట్టె దగ్గర పని. మూడు నెలలుగా దగ్గుతోంది.

"ఈఎస్ఐ ఉంటే దాన్ని పెద్ద డాక్టరు చూసేవాడు."

"నేను పట్టించుకోలేదూ?"

"పట్టించుకున్నారు. మిరియాల కషాయం తాగమన్నారు."

"తాగిందా మరి?"

"తాగింది. దగ్గుతూ తాగింది."

కాంతారావు నవ్వాడు. "ఈ ఒక్క పూట గట్టెక్కించు పిన్నీ. దసరాకి నీకు చీర."

నాగూర్ బీ నలుగుర్నీ వెనక వాకిలి గుండా పంపింది. వాళ్ళ క్యారేజీలూ పంపింది. గుమ్మంలో ఉన్న నాలుగు జతల చెప్పులూ తానే ఏరి సంచిలో వేసుకుంది.

"నాకు తట్టనేలేదు చూడు!" అన్నాడు కాంతారావు.

"నేను కూడా వెళ్ళొస్తాను బాబూ. పొయ్యి మీద కోడికూర ఉంది."

"దాక్కునేవాళ్ళకి కోడికూరా!"

"ఆకలితో ఎట్లా దాక్కుంటారు?"

బస్సు వచ్చింది. ఇనస్పెక్టరు మాత్రం రాలేదు. రెండింటికి నాగూర్ బీ తిరిగొచ్చేసరికి కాంతారావు వీధిలోనే ఉన్నాడు.

"ఎటు పోయాడు పిన్నీ ఆ మనిషి?"

"ఎక్కడో భోంచేస్తుంటాడు. తిని రానివ్వండి. కడుపు నిండినవాడు నెమ్మదిగా మాట్లాడతాడు."

మూడింటికి ఇనస్పెక్టరు తోలుసంచితో వచ్చాడు. కాంతారావు లడ్డూల పళ్ళెం ముందుకు జరిపాడు.

"వద్దండీ. గొంతు దాకా ఉంది."

ఇనస్పెక్టరు తలలు లెక్కపెట్టాడు. పంతొమ్మిది. గుమ్మంలో చెప్పులు చూశాడు. పంతొమ్మిది జతలు. తర్వాత కూర్చుని కాగితం నింపాడు. కాంతారావు వంగి చూశాడు. ఇరవై మూడు అని ఉంది.

"ఇదేంటండీ! ఉన్నది పంతొమ్మిది మందేగా?"

"ఇంకో నలుగురు ఉన్నారండీ."

"ఎవరన్నారు? కావాలంటే మా పిన్నిని అడగండి. ప్రాణం పోయినా అబద్ధమాడదు."

నాగూర్ బీ గాజు మీద నుంచి తల ఎత్తలేదు.

"అడిగానండీ." ఇనస్పెక్టరు పెన్నుకు మూత పెట్టాడు. "వడ్డిస్తూ అంతా చెప్పింది. ఆ నలుగురూ నా పక్కనే కూర్చుని తిన్నారు. రహీమా దగ్గు నేనూ విన్నాను."

"మీకు ఆవిడ వడ్డించడమేంటండీ?"

"ఆవిడ మా అమ్మకు సొంత చెల్లెలండీ."